ఆహ్వాన పత్రిక ఎవరి పేరిట? బొలోన్యా గణిత మహాసభ, 1928

శతజయంతి సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మన అధ్యక్ష మండల చరిత్ర వ్రాయుటకు నాకంటె అర్హులు చాలామంది ఉన్నారని మనవి చేసుకొన్నాను. నేను ముప్పది ఏండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినవాడను. నాకు తెలిసిన చరిత్ర లెక్కల మనుష్యుల చరిత్ర మాత్రమే. అయినను ఉత్సవముల కొరకు ఏర్పడిన ఆహ్వాన సంఘములో నన్ను కూడ ఒక సభ్యునిగా వేసినారు. మొదటి సమావేశములో పందిళ్ళు, భోజనములు, బసలు అరగంటలో తేలిపోయినవి. తరువాత రెండు గంటలసేపు మేము మాట్లాడుకొన్నది ఒక్కటే సంగతి: ఆహ్వాన పత్రిక ఎవరి పేరిట అచ్చు వేయించవలెను? ఒకరి పేరు పైన ఉంటే మరొకరు రారు. ఆ మరొకరి పేరు ఉంటే వారి పాత తగవు తెలిసినవారు ముఖము చాటు చేసుకొంటారు. పెండ్లి శుభలేఖ వేయించిన ప్రతి ఇంటివారికి ఈ బాధ తెలిసినదే.

ఇంటికి నడచి వస్తూ ఉండగా నాకు బొలోన్యా జ్ఞాపకము వచ్చినది. ఇటలీ దేశములోని ఆ నగరములో 1928వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీ మొదలు 10వ తేదీ వరకు అంతర్జాతీయ గణిత మహాసభ జరిగినది. 836 మంది ప్రతినిధులు వచ్చినారు. ఆ సభకు పూర్వము మా ఆహ్వాన సంఘమునకు వచ్చిన చిక్కే, వేయి రెట్లు పెద్దదై, డెబ్బది ఐదేండ్ల ఒక ఆచార్యుని మీద పడినది. ఆయన దానిని ఎట్లు విప్పినారో, అందుకు ఏమి మూల్యము చెల్లించినారో ప్రియ సంఘస్థులకు చెప్పవలెనని ఈ వ్యాసము.

ముందుగా ఊరి సంగతి. ఇటలీవారు బొలోన్యాకు మూడు ముద్దుపేర్లు పెట్టుకొన్నారు: చదువరి, బొద్దుది, ఎర్రనిది. చదువు విశ్వవిద్యాలయము వలన వచ్చినది, బొద్దుతనము వంటల వలన, ఎరుపు ఇటుక గోడల, పెంకుల రంగు వలన. ఊరి నడుమ రెండు పాత బురుజులున్నవి. ఒకటి 97 మీటర్ల ఎత్తు, రెండవది దానిలో సగము ఎత్తు ఉండి, ప్రక్కకు ఒరిగి చూచువారిని భయపెట్టుచుండును. వీధుల కిరువైపుల స్తంభములమీద నిలిచిన కప్పు వసారాలు పాత నగరములోనే సుమారు 38 కిలోమీటర్ల పొడవున సాగిపోవును. వానకాలములో గొడుగు లేకుండ ఊరు చుట్టి రావచ్చును. పూర్వకాలమున వలస వచ్చినవారికి, విద్యార్థులకు బస చాలక, ఇండ్లవారు పై అంతస్తులను వీధి మీదికి పెంచి, వాటికి ఆసరాగా స్తంభములు నిలుపుట వలన ఈ వసారాలు పెరిగినవని చెప్పుదురు. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. అతిథులకు చోటు చూపబోయి ఊరు రూపమే మార్చుకొన్నదన్న మాట.

విశ్వవిద్యాలయము 1088లో పుట్టినదని వాడుక. నిజానికి ఆ సంవత్సరమునకు శాసనమేదియు లేదు. 1888లో ఎనిమిది వందల ఏండ్ల పండుగ చేయదలచినప్పుడు, కార్దూచి అను ప్రసిద్ధ కవి అధ్యక్షతన ఒక సంఘము కూర్చుండి ఆ తేదీని నిర్ణయించినది. శతజయంతులు జరుపువారందరికి ఈ ఇబ్బంది ఉన్నదే! అయినను ఐరోపాలో నేటికిని నడుచుచున్న విశ్వవిద్యాలయములలో అది అతి ప్రాచీనమని పండితులు ఒప్పుకొనుచున్నారు.

అక్కడి తొలినాటి ఏర్పాటు మనకు వింతగా తోచును. విద్యార్థులే సంఘములుగా కూడి, జీతములిచ్చి, అధ్యాపకులను నియమించుకొనేవారు. పాఠమునకు ఆలస్యముగా వచ్చిన ఆచార్యునికి జరిమానా వేసేవారు. నా సర్వీసులో ఆ పద్ధతి లేకపోయినందుకు నేను కృతజ్ఞుడను. ఆల్ప్సు పర్వతములకు ఆవలి దేశములనుండి వచ్చిన విద్యార్థులకు వేరు సంఘము, ఈవలివారికి వేరు సంఘము. వాటిలో మరల దేశమునకొక శాఖ. వీటిలో జర్మనుల శాఖకు ప్రత్యేక గౌరవములుండెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని చాటిన కొపర్నికస్ 1496లో ధర్మశాస్త్రము చదువుటకు బొలోన్యా వచ్చినప్పుడు ఈ జర్మను శాఖలోనే పేరు వ్రాయించుకొన్నాడు.

ఇందులో ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. 12వ శతాబ్దము నడుమ ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి విద్యార్థుల రక్షణకై ఒక శాసనము చేసినాడు. ఆ కాలములో పరదేశి ఎవడైన అప్పు ఎగవేసి పారిపోతే, వాని దేశస్థుడు ఎవడు దొరికితే వానిని పట్టుకొని ఆ బాకీ రాబట్టుకొనే ఆచారముండెను. విద్యార్థుల విషయములో అట్లు చేయరాదని చక్రవర్తి ఆజ్ఞాపించినాడు. చదువు కొరకు ఇల్లు విడిచి వచ్చినవానిని, వాని దేశస్థుడు చేసిన పనికి బాధ్యుని చేయరాదు. బొలోన్యా విద్యార్థులు ఈ శాసనమును తమ ఆస్తి పత్రమువలె చూచుకొనేవారు.

గణితమునకును ఆ ఊరు పుట్టినిల్లే. మూడవ ఘాతము గల సమీకరణమును సాధించు మార్గము మొదట కనుగొన్న షిపియోనె దెల్ ఫెర్రో అక్కడ అధ్యాపకుడు. నాలుగవ ఘాతమును సాధించిన ఫెరారి, ఋణసంఖ్యల వర్గమూలములతో ధైర్యముగా లెక్కలు చేసిన బొంబెల్లి, ఇద్దరును ఆ ఊరివారే. నా పాఠములలో ఈ పేర్లు చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్వేవారు. సమీకరణము మాత్రము వారిని నవ్వనిచ్చేది కాదు.

ఇక అసలు కథకు వత్తును. ప్రపంచములోని గణిత శాస్త్రజ్ఞులు నాలుగేండ్లకొకసారి ఒక నగరములో కలిసికొనుట 19వ శతాబ్దము చివర మొదలైనది. 1897లో జూరిచ్, 1900లో పారిస్, 1904లో హైడెల్బర్గ్, 1908లో రోము, 1912లో కేంబ్రిడ్జి. 1916లో స్టాక్‌హోములో కలియవలసి ఉండెను గాని, 1914లో ప్రపంచ యుద్ధము వచ్చి పడినది.

ఆ యుద్ధము చదువుల ఊళ్ళను కూడ విడువలేదు. 1914 ఆగస్టులో జర్మను సేనలు బెల్జియములోని లూవాన్ అను పురాతన విశ్వవిద్యాలయ నగరమును పట్టుకొని, గ్రంథాలయమునకు నిప్పు పెట్టినవి. రెండు లక్షలకు పైగా పుస్తకములు కాలిపోయినవి. లోకమంతా ఛీకొట్టుచుండగా, ఆ అక్టోబరులో జర్మనీలోని 93 మంది పండితులు, కళాకారులు తమ సైన్యమును సమర్థించుచు ఒక ప్రకటన మీద సంతకములు చేసినారు. గోటింగెన్ నగరములోని డేవిడ్ హిల్బర్ట్ అను గణితాచార్యుని కూడ సంతకము అడిగినారు. అందులో వ్రాసినది నిజమని నాకు తెలియదు గనుక సంతకము చేయనన్నారాయన. 1917లో దార్బూ అను ఫ్రెంచి గణితజ్ఞుడు చనిపోయినప్పుడు హిల్బర్ట్ ఆయనను కొనియాడుచు వ్యాసము ప్రకటించినారు. శత్రువును పొగడినందుకు కోపించిన విద్యార్థులు ఇంటిముందు గుమిగూడి అల్లరి చేసినను, వ్రాసినది ఉపసంహరించుకొనలేదు. పైగా విశ్వవిద్యాలయమువారి చేతనే క్షమాపణ చెప్పించుకొన్నారు.

యుద్ధము ముగిసిన తరువాత గెలిచిన దేశముల పండితులు 1919లో అంతర్జాతీయ పరిశోధన మండలి ఒకటి స్థాపించినారు. ఓడిన దేశములవారు, అనగా జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, బల్గేరియా పండితులు అందులో చేరరాదని నియమము పెట్టినారు. మరుసటి సంవత్సరము దానికి అనుబంధముగా గణిత శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. 1920లో గణిత మహాసభ స్ట్రాస్‌బర్గులో జరిగినది. అదియు విశ్వవిద్యాలయ నగరమే; 1871 నుండి జర్మనుల చేతిలో ఉండి, అప్పుడే ఫ్రాన్సునకు తిరిగి వచ్చినది. ఊరి ఎన్నికయే సగము మాట చెప్పినది. వచ్చినవారు 200 మంది. జర్మనులకు పిలుపు లేదు.

దీనినంతటిని నడిపించినవారిలో ముఖ్యులు ఎమిల్ పికార్ అను ఫ్రెంచి ఆచార్యులు. కొన్ని నేరములను క్షమించుట అనగా వాటిలో పాలు పంచుకొనుటయే అని ఆయన భావము. పాఠకులు ఆయనను తొందరపడి తప్పుపట్టవద్దు. ఆయన ఆ యుద్ధములో బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి. అటువంటి ఇంటికి పోయి, పోనిమ్మని చెప్పుటకు మనలో ఎవరికి నోరు వచ్చును? కాని జాక్ అడమార్ కూడ ఫ్రెంచి గణితజ్ఞుడే. ఆయన ఇద్దరు పెద్ద కుమారులును 1916లోనే చనిపోయినారు. ఈయన పేరు మరల వచ్చును.

ఈ వెలి చాలామందికి నచ్చలేదు. మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించుకొన్న హార్డీ గట్టిగా వ్యతిరేకించినవారిలో ఒకరు. 1924 సభను న్యూయార్కులో జరుపదలచిన అమెరికనులు, అందరిని పిలువరాని సభ మాకెందుకని చేయి విడిచినారు. అప్పుడు కెనడా దేశస్థుడు ఫీల్డ్స్ దానిని టొరంటో నగరములో జరిపించినారు. అక్కడను జర్మనులు లేరు. కాని నిషేధము ఎత్తివేయవలెనని అక్కడ అమెరికనులు లేపిన మాటకు అనేక దేశముల మద్దతు దొరికినది. ఆ సభ లెక్కలు చూడగా కొంత సొమ్ము మిగిలినది. (కోశాధికారులు ఈ వాక్యము మరల ఒకసారి చదువుకొందురు గాక.) ఆ మిగులుతో గణితజ్ఞులకు బంగారు పతకము ఏర్పాటు చేయవలెననియు, దానికి ఏ మనుష్యుని పేరు, ఏ దేశము పేరు, ఏ సంస్థ పేరు తగిలించరాదనియు ఫీల్డ్స్ కోరినారు. పతకము 1936లో మొదటిసారి ఇచ్చినారు. లోకము మాత్రము దానిని ఫీల్డ్స్ పతకమనియే పిలుచుచున్నది.

తరువాతి సభ, 1928 సభ, బొలోన్యాలో జరుగవలెనని నిర్ణయమైనది. సమాఖ్య అధ్యక్షులుగా సాల్వతోరె పింకెర్లే ఎన్నికైనారు. బొలోన్యా సభ పెద్దలును వారే.

ఈయన బ్రదుకు చూడుడు. 1853లో ట్రియెస్టులో ఒక యూదు కుటుంబములో పుట్టినారు. అప్పటికి ఆ ఊరు ఆస్ట్రియాది. పెరిగినది ఫ్రాన్సులోని మార్సెయిలో. చదివినది ఇటలీలోని పీసాలో. తరువాత బెర్లినుకు పోయి వాయర్‌స్ట్రాస్ అను మహా గణితజ్ఞుని పాదములచెంత కూర్చున్నారు. యుద్ధములో ఒకరి మీద ఒకరు తుపాకి ఎత్తిన నాలుగు దేశముల నీళ్ళు త్రాగిన మనిషి. 1880 ప్రాంతమున బొలోన్యాకు వచ్చి, ఉద్యోగ విరమణ వరకు అక్కడనే ఉండిపోయినారు. 1888 ఉత్సవము నాటికి ఆయన అక్కడ యువ ఆచార్యులు. ఇటలీ గణిత సంఘమును 1922లో స్థాపించినదియు ఆయనే.

1926లో పరిశోధన మండలివారు నిషేధపు నియమమును కొట్టివేసినారు. దానితో చిక్కు తీరవలసినది, మరింత బిగిసినది. తలుపు తీసినాము రమ్మని మండలి అన్నది. తలుపు మూసినవారు తీసినంత మాత్రమున వత్తుమా అని జర్మనులు ఊరకున్నారు. వారు మండలిలోను చేరలేదు, సమాఖ్యలోను చేరలేదు. ఇప్పుడు నియమము ప్రకారము చూచినట్లయితే, సమాఖ్య సభకు సమాఖ్యలో చేరని దేశమువారు రావచ్చునా? రారాదని పికార్, సమాఖ్య కార్యదర్శి కోనిగ్స్ వాదించినారు. సమాఖ్య పిలిచిన సభకు మేము అడుగు పెట్టమని జర్మనీలో వాదించినవారున్నారు. అనగా సమాఖ్య పేరుతో పత్రిక వేస్తే ఒక పక్షము రాదు. సమాఖ్యను ప్రక్కన పెడితే రెండవ పక్షము కోపగించును. పింకెర్లేయేమో ఆ సమాఖ్యకు అధ్యక్షులు!

ఆయన చేసినది చిన్న పని. ఆహ్వానమును బొలోన్యా విశ్వవిద్యాలయము పేరిట పంపించినారు. యుద్ధమునకు పూర్వము సభలు ఎట్లు జరిగినవో అట్లే, ఏ దేశస్థులని చూడక గణితజ్ఞులందరిని పిలిచినారు. సమాఖ్య నియమములు సమాఖ్య యొద్దనే ఉన్నవి. ఇది మా ఇంటి పండుగ, పిలుచువారము మేము అని ఎనిమిది వందల ఏండ్ల విశ్వవిద్యాలయము చెప్పినప్పుడు, నీకేమి అధికారమని అడుగువారెవరు? అన్నదమ్ములు మాటలు మానుకొన్న ఇంటిలో నాయనమ్మ తన పేరిట శుభలేఖ వేయించినట్లయినది.

ఇంతటితో అందరు బయలుదేరినారనుకొనవద్దు. హాలెండు దేశస్థుడైన బ్రౌవర్ పెద్ద గణితజ్ఞుడు. ఆయన దేశము యుద్ధములో ఏ పక్షమునను చేరలేదు. అయినను జర్మనులకు జరిగిన అవమానమును జర్మనులకంటె ఎక్కువగా పట్టించుకొన్నవాడు ఆయనే. సమాఖ్య నీడ పడిన సభకు పోరాదని పట్టుపట్టినాడు. బెర్లిను ఆచార్యుడు బీబర్‌బాఖ్ ఆయనతో కలిసి, ఎవరును బొలోన్యా పోవద్దని జర్మనీలోని విద్యాసంస్థలకు ఉత్తరము త్రిప్పినాడు. హిల్బర్ట్‌కు అప్పటికి 66 ఏండ్లు. ప్రాణాంతకమైన రక్తహీనతతో మంచముపట్టి, అప్పుడే కనుగొన్న కాలేయ చికిత్సతో లేచి తిరుగుచున్నారు. ఆయన బదులు ఉత్తరము వ్రాసినారు. ఇటలీ మిత్రులు ఎంతో శ్రమపడి, మంచి మనస్సుతో ఈ సభ ఏర్పాటు చేసినారనియు, స్నేహభావముతో దానిని స్వీకరించుట మనకు కనీస మర్యాద అనియు, మరొక విధముగా నడిచినచో జర్మను శాస్త్రమునకే కీడనియు దాని సారాంశము. పిలిచినవాని శ్రమను గుర్తించుట! మేము ఆహ్వాన సంఘములో ఇన్ని గంటలు పేర్ల గురించి మాట్లాడితిమి గాని, పిలుపు అందుకొన్నవానికి కూడ ఒక బాధ్యత ఉన్నదని నేను ఈ ఉత్తరము గురించి చదివిన తరువాతనే ఆలోచించినాను.

ఆ వేసవిలోనే మరియొకచోట జరిగినది కూడ చెప్పవలెను. కాలిపోయిన లూవాన్ గ్రంథాలయమును అమెరికనుల విరాళములతో తిరిగి కట్టి, 1928 జూలై 4వ తేదీన ప్రారంభించినారు. జర్మనుల ఆగ్రహముచేత నాశనమైనది, అమెరికా దానముచేత నిలిచినది అని అర్థము వచ్చు లాటిను మాటలను ముందువైపు పిట్టగోడమీద చెక్కించవలెనని ఆ భవనము గీసిన అమెరికను వాస్తుశిల్పి పట్టుపట్టినాడు. విశ్వవిద్యాలయ పెద్ద లాద్యూజ్ వలదన్నారు. గాయపడిన ఊరు అది; చెక్కించుకొనే హక్కు ఎవరికైన ఉంటే వారికే. వారే వద్దన్నారు. రెండు నెలలకు బొలోన్యా సభ.

హిల్బర్ట్ వెంట జర్మనీ నుండి అరవై మందికి పైగా గణితజ్ఞులు వచ్చినారు. ప్రారంభ సభలో వారు ప్రవేశించినప్పుడు కొన్ని నిమిషములు ఎవరును పలుకలేదనియు, తరువాత సభ మొత్తము లేచి నిలిచి చప్పట్లు కొట్టినదనియు హిల్బర్ట్ జీవిత చరిత్రలో వ్రాసి ఉన్నది. ఆ కొద్ది నిమిషముల నిశ్శబ్దమే నాకు ఎక్కువగా తోచును. కూర్చున్నవారిలో అన్నలను, బిడ్డలను పోగొట్టుకొన్నవారు ఎందరో! చప్పట్లు వెంటనే వచ్చినట్లయితే నేను నమ్మి ఉండేవాడను కాను.

కఠినమైన దీర్ఘకాలము గడచిన తరువాత లోకములోని గణితజ్ఞులందరు ఒకచోట కలియుట తనకు ఆనందమని హిల్బర్ట్ అన్నారు. మనుష్యులను జాతులనుబట్టి వేరుచేయుట గణితమునకు సరిపడదనియు, గణితమునకు నాగరిక ప్రపంచమంతయు ఒకే దేశమనియు చెప్పినారు. పిమ్మట గణితమునకు పునాదులు ఎట్లు వేయవలెనను విషయముమీద జర్మను భాషలో ప్రసంగించినారు. ఆ మహాసభలలో జర్మను ప్రసంగము వినబడి 16 ఏండ్లయినది. ఆ పునాదుల గురించి ఆయన పెట్టుకొన్న ఆశ నెరవేరదని గోడెల్ అను యువకుడు 1931లో నిరూపించినాడు. అది వేరే కథ.

ముఖ్య ప్రసంగములు చేసినవారిలో అడమార్ ఉన్నారు. అవును, ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్న అడమారే. హిల్బర్ట్ నిలిచిన వేదిక మీదనే ఆయనయు నిలిచినారు. పారిస్ నుండి బొరెల్, గోటింగెన్‌లో చదివిన వైల్, రోము నుండి వోల్తెర్రా, అమెరికా నుండి బిర్కాఫ్ మాట్లాడినారు. కళలోని సౌందర్యమునకు లెక్క కట్టవచ్చునా అనునది బిర్కాఫ్ ఎత్తుకొన్న విషయము. కట్టవచ్చునని ఆయన అన్నారు. నాకు నమ్మకము లేదు. చివరి రోజు అందరు ఫ్లారెన్స్ నగరమునకు పోయి అక్కడ సభ ముగించినారు. సభ వ్యాసములను బొలోన్యాలోనే జనికెల్లి ప్రచురణశాలవారు ఆరు సంపుటములుగా అచ్చు వేసినారు.

ఇక మూల్యము సంగతి. సభ ముగిసిన కొలదికాలమునకే పింకెర్లే సమాఖ్య అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చినారు. ఆ సంవత్సరమే ఆయన విశ్వవిద్యాలయ ఉద్యోగము నుండి కూడ విరమించినారు. ఎవరిని నిందించుచు ఆయన పుస్తకమేమియు వ్రాయలేదు. ఆయన నియమము తప్పినారా? తప్పినారనియే నేను అనుకొనుచున్నాను. సమాఖ్య అధ్యక్షుడైయుండి సమాఖ్యను ప్రక్కకు తొలగించుట నియమము ప్రకారము సరికాదు. రాజీనామా ఇచ్చినారు గనుక ఆయనకును ఆ సంగతి తెలియునని నా ఊహ. నియమమును, అతిథిని రెండింటిని కాపాడలేని చోట ఆయన అతిథిని కాపాడి, కుర్చీ విడిచినారు. సమాఖ్యయు ఎక్కువకాలము నిలువలేదు. 1932 జూరిచ్ సభనాటికి అది మూలబడినది. రెండవ యుద్ధము తరువాత 1951లో, ఎవరిని వెలివేయని క్రొత్త నియమములతో మరల పుట్టినది.

బొలోన్యాలో కుదిరిన స్నేహము అంతటితో స్థిరపడినదని వ్రాయగలిగితే ఎంతో బాగుండును. అట్లు జరుగలేదు. 1928లోనే ఇటలీ ముసోలినీ పాలనలో ఉండెను. సభలో ప్రసంగించిన వోల్తెర్రా, ప్రభుత్వమునకు విధేయతా ప్రమాణము చేయనన్నందుకు 1931లో రోములోని తన ఆచార్య పదవి పోగొట్టుకొన్నారు. 1933లో గోటింగెన్ నుండి యూదు ఆచార్యులను వెళ్ళగొట్టినారు. హిల్బర్ట్ కన్నుల ఎదుట ఆయన కట్టిన ఇల్లు ఖాళీ అయినది. ఉత్తరము త్రిప్పిన బీబర్‌బాఖ్ నాజీలలో కలిసిపోయినాడు. 1936లో ఓస్లో మహాసభకు ఇటలీవారు రాలేదు. ఆ సంవత్సరమే పింకెర్లే బొలోన్యాలో కన్నుమూసినారు. 1938లో ఇటలీలో జాతి చట్టములు వచ్చినవి. బెప్పో లెవి, బెనియమీనో సెగ్రె అను ఇద్దరు గణితాచార్యులను, యూదులైనందుకు, బొలోన్యా విశ్వవిద్యాలయము నుండియే తొలగించినారు. లెవి అర్జెంటీనాకును, సెగ్రె ఇంగ్లండునకును వలసపోయినారు. పది ఏండ్ల క్రితము లోకమునంతటిని పిలిచిన ఇల్లు తన ఇంటివారిని గడప దాటించినది. ఆ మాట వ్రాయుటకు నా కలము వెనుకాడుచున్నది గాని, చరిత్ర వ్యాసమని మొదట చెప్పితిని గనుక వ్రాయక తప్పదు.

1944 జనవరి 29వ తేదీన విమానముల బాంబులు బొలోన్యాలోని ఆర్కిజిన్నాసియో మీద పడినవి. అది 1563 నుండి 1803 వరకు విశ్వవిద్యాలయము నడిచిన భవనము. దాని గోడలనిండ విద్యార్థుల వంశచిహ్నములు వేలకొలదిగా ఉన్నవి. జర్మనులవి, పోలెండువారివి, స్పెయినువారివి, అందరివి. కొయ్యతో కట్టిన పాత వైద్య పాఠశాల గది కూలిపోయినది. యుద్ధము తరువాత ఊరివారు శిథిలములలో దొరికిన కొయ్య శిల్పములను ఏరుకొని దానిని మరల కట్టినారు.

గణిత మహాసభ మన యొద్దకును వచ్చినది. 2010 ఆగస్టు 19 నుండి 27 వరకు హైదరాబాదులో జరిగినది; భారతదేశములో అదియే మొదటిసారి. మూడువేల మంది వరకు వచ్చినారు. టొరంటో మిగులు సొమ్ముతో పుట్టిన ఆ పతకములను నలుగురు గణితజ్ఞులకు రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ తమ చేతులమీదుగా ఇచ్చినారు. నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడ స్వచ్ఛంద సేవకుడు. విమానాశ్రయములో పేర్ల అట్ట పట్టుకొని నిలుచుట వాని పని. తన అట్టమీద వ్రాసిన పేర్లలో సగము తనకు పలుకరాలేదనియు, పలుకబోయిన ప్రతివారును చిరునవ్వు నవ్వినారనియు చెప్పినాడు. ఏ దేశమువారు వచ్చినారురా అని అడిగితిని. అది చూచుట నా డ్యూటీ కాదు మాస్టారూ, బస్సు ఎక్కించుట నా డ్యూటీ అన్నాడు.

2022లో మహాసభ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో జరుగవలసి ఉండెను. ఆ ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయినులో ప్రవేశించినవి. కొన్ని దినములలోనే సమాఖ్య ఆ నగరమునుండి సభను తొలగించి, ప్రసంగములను కంప్యూటరు తెరమీదికి మార్చినది. పతకములు జూలైలో హెల్సింకిలో ఇచ్చినారు. పతకము పొందిన నలుగురిలో ఒకరు ఉక్రెయినులో పుట్టిన మరీనా వ్యాజొవ్‌స్కా. రష్యా ప్రభుత్వ ప్రతినిధులకు చోటు లేదన్నారు గాని, రష్యను గణితజ్ఞులు ఎవరికి వారుగా పాల్గొనుటకు అడ్డు చెప్పలేదు. 1920లో ఈ భేదము ఎవరికిని తోచలేదు. తోచుటకు బొలోన్యా కావలసివచ్చినదని నేను అనుకొందును.

మా ఆహ్వాన సంఘము రెండవ సమావేశము వచ్చే ఆదివారము ఆరాధన తరువాత జరుగవలసి ఉన్నది. పత్రిక నమూనాలో పేర్లు ఉండవలసిన చోటు ఇంకను ఖాళీగానే ఉన్నది. బసల జాబితాలో మాత్రము మా ఇంటి ముందు గది వ్రాయించినాను. రెండు మంచములు, ఒక ఫ్యాను ఉన్నవి. నూతి నీళ్ళకు కొదువ లేదు.